విరాళం ఎవరికిద్దాం? మునగాల దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారి జీవితం

మన విద్యార్థి సంఘం ఈ యేడు వార్షికోత్సవ ఖర్చులు పోగా మిగిలే సొమ్మును ఏదైనా ఒక మంచి పనికి విరాళంగా ఇవ్వాలని తీర్మానించుకొన్నదట. చాలా సంతోషం. సొమ్ము చిన్నదే అయినా చర్చ మాత్రం పెద్దగానే నడిచిందని విన్నాను. ఒకరు ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన మన జిల్లాలవారికి ఇద్దామన్నారు. ఒకరు 2024 సెప్టెంబరు వానలకు కోదాడ నీట మునిగి, సాగర్ ఎడమ కాలువకు గండిపడి నష్టపోయినవారి సంగతి ఎత్తారు. ఒకరు అన్నదానమన్నారు. ఫీజు కట్టలేని తోటి విద్యార్థి పక్క బెంచీలో ఉండగా బయటివాళ్ళ దాకా ఎందుకని మరొకరు అడిగారు. అన్నీ న్యాయమైన మాటలే. పూర్వ విద్యార్థిగా నన్ను కూడా ఒక మాట చెప్పమని సావనీరు సంపాదకులు కోరారు. నా ఓటు ఒక పల్లెటూరి గ్రంథాలయానికి. ఎందుకంటే అన్నదానికి నా మాటలకంటె ఒక మనిషి జీవితమే మంచి జవాబు చెబుతుంది. అందుకని ఆ జీవితమే రాస్తున్నాను.

ఆ మనిషి మనకు దూరపువాడేమీ కాదు. సూర్యాపేటలో బస్సెక్కి కోదాడ వెళ్ళేవాళ్ళం మునగాల మీదుగానే కదా పోతాం. అక్కడికి దగ్గర్లోనే నడిగూడెం, అందులో రాజావారి కోట. నడిగూడెం కోట అనగానే ఇవాళ చాలామందికి పింగళి వెంకయ్యగారూ, జాతీయ జెండా గుర్తుకొస్తారు. ఆ సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక పేరుగా మిగిలిపోయారు. తెలుగులో శాస్త్రం చదవవచ్చు, చరిత్ర చదవవచ్చు, మన ఊళ్ళో కూర్చొని ప్రపంచం సంగతులు తెలుసుకోవచ్చు అన్న ధైర్యం మనకు ఇచ్చినవారిలో ఆయన మొదటి వరసలోని మనిషి.

లక్ష్మణరావుగారు 1877లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో పుట్టారు. తండ్రి వెంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. పసితనంలోనే తండ్రి పోయాడు. మొదటి చదువు భువనగిరిలో, అంటే మన పాత నల్గొండ జిల్లాలోనే సాగింది. తర్వాత అక్క భండారు అచ్చమాంబగారు, బావ మాధవరావుగారు మధ్యపరగణాలకు తీసుకుపోయి చదివించారు. నాగపూరులో పెరిగిన ఆ కుర్రవాడికి మరాఠీ సొంత భాషంతటిదయింది. మరాఠీ పత్రికల్లో రాశాడు. మోరోపంతు రచించిన మరాఠీ భారతానికి సంపాదకత్వం వహించాడు. 1900లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ప్రైవేటుగా ఎం.ఏ. పట్టా తీసుకొన్నాడు. ఆ రోజుల్లో ఎం.ఏ. అంటే మాటలు కాదు. ఎక్కడ అడిగినా సర్కారు కొలువు దొరికేది. మరాఠీలోనే ఉండిపోయినా పేరు వచ్చేదే. ఆ రెండూ వదులుకొని, తెలుగుదేశం నడిమధ్యలో మూలకు పడివున్న ఒక చిన్న జమీందారీకి దివానుగా వచ్చాడు.

ఇక్కడ అక్కగారి సంగతి రెండు మాటలు చెప్పకపోతే కథ సగమే అవుతుంది. అచ్చమాంబగారు బడి ముఖం చూడలేదు. తమ్ముడు చదువుకొంటుంటే పక్కన కూర్చొని చదువు నేర్చుకొన్న మనిషి. కన్నబిడ్డలు ఇద్దరూ చిన్నతనంలోనే పోతే, ఆ దుఃఖంలో మునిగిపోకుండా అనాథ పిల్లలను ఇంట్లో పెట్టుకొని చదువు చెప్పించారు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల చరిత్రలు రాశారు, కథలు రాశారు, స్త్రీ సమాజాలు పెట్టించారు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ 1905లో ముప్పయ్యేళ్ళ ఈడులోనే కన్నుమూశారు. మరుసటి యేడు పుట్టిన కూతురికి లక్ష్మణరావుగారు అక్క పేరే పెట్టుకొన్నారు. ఆ కూతురే డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు. బెజవాడలో పేరుపడ్డ వైద్యురాలై, 1957లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

ఈ అక్కాతమ్ముళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తే దానంలో రెండు దారులు కనిపిస్తాయి. అక్కది ఎదుట నిలబడ్డ మనిషిని చేయిపట్టుకొని లేవనెత్తే దారి. తమ్ముడిది ముఖం కూడా ఎరుగని మనిషి కోసం ఒక తలుపు తెరిచిపెట్టే దారి. రెండూ కావలసినవే. నేను ఏ ఒక్కదాన్నీ తక్కువ చెయ్యడం లేదు. ఐతే మొదటి దారికి ఎక్కువ డబ్బూ, ఎక్కువ చేతులూ, రోజూ పక్కన ఉండే మనుషులూ కావాలి. ఏడాదికొకసారి మిగిలిన సొమ్ముతో, మూడేళ్ళకొకసారి మారిపోయే విద్యార్థులతో నడిచే మనలాంటి సంఘానికి ఏది వీలవుతుందో ఆలోచించాలి.

మునగాల పరగణా ఒక వింత భూభాగం. నాలుగు దిక్కులా నైజాం రాజ్యం, మధ్యలో ఈ కొన్ని ఊళ్ళు మాత్రం ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాలో ఉండేవి. తర్వాత నల్గొండ జిల్లాలో కలిసి, 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉన్నాయి. నైజాంలో సర్కారు భాష ఉర్దూ. చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి ముగ్గురు నలుగురికి మించి లేని కాలం. తెలుగులో అచ్చైన పుస్తకం చేతికి రావడమే గగనం. అలాంటప్పుడు మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారూ, దివాను లక్ష్మణరావుగారూ, హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారూ కూడబలుక్కొన్నారు. ముగ్గురూ ఇరవయ్యయిదేళ్ళ లోపు వాళ్ళే. అంటే మన పీజీ విద్యార్థుల ఈడు, లేదా ఒకటి రెండేళ్ళు అటు ఇటు.

వాళ్ళ దగ్గర డబ్బుంది, పలుకుబడి ఉంది. సత్రం కట్టించవచ్చు. గుడికి గోపురం ఎత్తించవచ్చు. ఆ రోజుల్లో రాజులు, జమీందార్లు చేసే దానాలు అవే. వాటికి పేరూ వచ్చేది, పుణ్యమూ వచ్చేదని నమ్మకం. వీళ్ళు ఆ పని చెయ్యలేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రంగారావుగారి ఇంట్లోనే, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్ని తెరిచారు. ఎవరైనా వచ్చి కూర్చొని తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక చదువుకోవచ్చు. తెరవడం వరకూ చిన్న పనిలాగే కనిపిస్తుంది. తర్వాత జరిగింది చూడండి. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. నైజాం తెలుగువాళ్ళు ఒకరినొకరు కలుసుకొనే చోటు దొరికింది. మాడపాటి హనుమంతరావుగారు మొదలైన పెద్దలు నడిపిన ఆంధ్రోద్యమానికి ఈ పఠన మందిరాలే వేళ్ళు. రావిచెట్టు రంగారావుగారు 1910లో చిన్నవయసులోనే పోయారు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు భర్త జ్ఞాపకంగా సొమ్ము ఇచ్చి నిలయాన్ని సొంత ఇంటిదాన్ని చేశారు. సుల్తాన్ బజారులో ఆ గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. పెట్టినవాళ్ళు ముగ్గురూ పోయారు. వాళ్ళు ఏ రాజ్యంలో పెట్టారో ఆ రాజ్యమే పోయింది. గ్రంథాలయం నిలిచింది. విరాళం ఇచ్చేముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న నాకు ఇక్కడ దొరికింది. మనం పోయాక కూడా అది పనిచేస్తుందా?

గ్రంథాలయం పెట్టగానే లక్ష్మణరావుగారికి రెండో ఇబ్బంది ఎదురైంది. బీరువా ఉంది, అందులో పెట్టడానికి ఏమున్నాయి? కావ్యాలు, పురాణాలు, శతకాలు ఉన్నాయి. కొండకు వాన ఎందుకు పడుతుందో, కలరా ఎలా వస్తుందో, ఇతర దేశాల్లో జనం ఎలా బతుకుతున్నారో చెప్పే పుస్తకం తెలుగులో కావాలంటే దాదాపు లేదు. ఇంగ్లీషు వచ్చినవాడికే విజ్ఞానం, రానివాడికి లేదు. ఆ గోడ పడగొట్టడానికి 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలైనవారితో కలిసి విజ్ఞానచంద్రికా మండలి స్థాపించారు. మండలి తొలి పుస్తకం గాడిచర్లవారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తర్వాత వరసగా వచ్చాయి. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రం, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయన శాస్త్రం, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము వాటిలో కొన్ని. హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము లక్ష్మణరావుగారే స్వయంగా రాశారు. శాస్త్రాలకు తెలుగులో మాటలు లేకపోతే, ఒక్కొక్క మాట వెతికి, కూర్చి, నిలబెట్టవలసి వచ్చింది. ఇవాళ మనం పరీక్షలో అలవోకగా రాసే తెలుగు పారిభాషిక పదాల వెనక అలాంటివాళ్ళ చెమట ఉంది.

ఈ పనిలో నాకు నచ్చేది ఒకటుంది. పుస్తకం తీసుకొనేవాడు ఎవరికీ దండం పెట్టనక్కర లేదు. ఎవరి దయతో చదువుతున్నానో అన్న చిన్నతనం వాడికి లేదు. అన్నం పెట్టించుకొన్నవాడు పెట్టినవాడి గడప గుర్తుపెట్టుకోవాలి. చదువుకొన్నవాడు తన పేజీ తాను తిప్పుకొంటాడు. తీసుకొనేవాడు తల వంచకుండా తీసుకోగలడా అన్నది నా రెండో ప్రశ్న. మీలో ఎందరు దాతల ముందు వరసగా నిలబడి, ఫోటో దిగి నోటు పుస్తకాలు తీసుకొన్నారో నాకు తెలియదు. నేను నిలబడ్డాను. నోటు పుస్తకం పనికొచ్చింది, నిజమే. కాని ఆ ఫోటో ఇంటికి పట్టుకుపోవాలనిపించలేదు.

లక్ష్మణరావుగారి చివరి పని అన్నిటికంటె పెద్దది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ప్రపంచంలోని సంగతులన్నీ అకారాది క్రమంలో తెలుగువాడికి అందించాలన్న తలపు. సంస్థానం వ్యవహారాలు, కోర్టు పనులు ఒక పక్క, ఇది ఇంకో పక్క. మద్రాసులో కూర్చొని మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి పండితులను చేర్చుకొని మూడు సంపుటాలు తెచ్చారు. అవి ‘అ’ అక్షరం దగ్గరే ఉన్నాయి. ఉబ్బసంతో బాధపడుతూ, పని సాగుతుండగానే, 1923 జులైలో 46 ఏళ్ళకు పోయారు. ఆయన ఇంట్లోనే, 1919లో, వృద్ధులైన కందుకూరి వీరేశలింగంగారు కన్నుమూశారంటే ఆ ఇల్లు ఎలాంటివారికి నీడగా ఉండేదో ఊహించుకోవచ్చు. సర్వస్వాన్ని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు తలకెత్తుకొన్నారు. హైదరాబాదు మిత్రులు తమ పరిశోధక సంఘానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు పెట్టుకొని తెలంగాణ శాసనాలు వెలికితీసి అచ్చువేశారు. ‘అ’ దగ్గర ఆగిపోయిన పనిని చూసి కొందరు జాలిపడతారు. నాకు జాలి కలగదు. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు అందుకొనేటట్టు ఉంటే అది మంచి పని. మనం ఇచ్చేది కూడా రాబోయే సంఘాలవాళ్ళు అందుకొనేటట్టు ఉండాలి. ఇది మూడో ప్రశ్న.

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే జీవితచరిత్ర కాదు, భజన అవుతుంది. ఈ దానాలన్నిటికీ డబ్బు ఎక్కడిది? పెద్ద మొత్తం మునగాల సంస్థానానిది. సంస్థానానికి డబ్బెక్కడిది? పరగణా రైతు కట్టిన శిస్తు. మండలి వేసిన మొదటి పుస్తకం బానిసత్వాన్ని తుడిచిన లింకన్‌ది. కాని ఆ పరగణా ఊళ్ళలోనే వెట్టి నడిచింది. లక్ష్మణరావుగారు పోయిన తర్వాత, 1930ల్లో, మునగాల రైతులు వెట్టికీ, అక్రమ వసూళ్ళకూ వ్యతిరేకంగా అదే జమీందారు మీద లేచారు. లాఠీలకు, జైళ్ళకు ఓర్చి నిలబడ్డారు. తెలుగుకు అంత మేలు చేసిన రాజాగారూ, రైతులు ఎదురు తిరిగిన జమీందారుగారూ ఒక్కరే. ఈ రెండు సంగతుల్లో ఒకదాన్ని దాచి ఇంకొకదాన్ని చెప్పడం న్యాయం కాదు.

ఆలోచిస్తే నాకు తోచింది ఇది. పరగణా రైతు చెమట హైదరాబాదులో గ్రంథాలయమైంది, మద్రాసులో పుస్తకమైంది. తెలుగువారందరికీ అది అందింది. కాని శిస్తు కట్టిన ఆ రైతు ఇంటికి అందులో ఎంత తిరిగి వచ్చింది? చదువు రానివాడికి పుస్తకం వల్ల ఏం లాభం? లక్ష్మణరావుగారు తెరిచిన తలుపు గొప్పదే, అది పట్నంలో తెరుచుకొంది. మిగిలిన సగం దారి మనం నడవాలి. అందుకే నా ఓటు పట్నంలోని పెద్ద గ్రంథాలయానికి కాదు, మునగాల, నడిగూడెం చుట్టుపక్కల ఏదో ఒక పల్లెలో తాళం పడివున్న చిన్న గదికి. అప్పు తీర్చినట్టుంటుంది.

మరి ఆకలిగొన్నవాడికి పుస్తకమిస్తావా అని మిత్రులు అడుగుతారు. అడగాలి కూడా. వరద వచ్చిన రోజున నేను గ్రంథాలయం మాట ఎత్తను. ఆ రోజు బియ్యం, దుప్పటి, మందు కావాలి. ఫ్లోరైడు బాధ తీరాలంటే కృష్ణ నీళ్ళు ఇంటింటికీ సక్రమంగా రావాలి. అది ప్రభుత్వం మీద పట్టుబట్టి సాధించుకోవలసిన హక్కు. మన నాలుగు వేలో, నలభై వేలో దానికి చాలవు. తోటి విద్యార్థి ఫీజు సంగతి మాత్రం నిజంగా మన ఇంటి సంగతే. దానికి వార్షికోత్సవంలో మిగిలిన సొమ్ముతో కాకుండా, అధ్యాపకులూ పూర్వ విద్యార్థులూ కలిసి నెలనెలా నడిపే వేరే నిధి ఉండాలి. అందులో నా పేరు మొదట రాసుకోండి.

సెల్‌ఫోను ఉండగా గ్రంథాలయం ఎవడిక్కావాలన్నది ఇంకో ప్రశ్న. ఒకసారి సూర్యాపేట, మిర్యాలగూడ వీధుల్లో చూడండి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఒక కుర్చీకీ, ఒక ఫ్యానుకూ, కాస్త నిశ్శబ్దానికీ నెలకింత అని కట్టి చదువుకొంటున్నారు. కట్టగలిగినవాడు కడతాడు. కట్టలేనివాడు ఊళ్ళో, ఒక్క గది ఇంట్లో, టీవీ మోత మధ్య చదవాలి. ఆడపిల్లైతే పట్నం పోయి గది తీసుకోవడం ఇంకా కష్టం. పుస్తకం ఫోనులో దొరకవచ్చు. కూర్చొనే చోటు ఫోనులో దొరకదు.

1967 ఆగస్టులో సాగర్ నీళ్ళు కాలువలకు వదిలిన తర్వాత ఎడమ కాలువ కింద మన నేలల రంగే మారిపోయింది. వరి వచ్చింది, మిల్లులు వచ్చాయి, పిల్లలకు కాలేజీలు వచ్చాయి. ఐతే ప్రధాన కాలువ తవ్వినంత మాత్రాన మడి తడవదు, చివరి పిల్ల కాలువ దాకా నీరు దిగాలి. ఆయకట్టు చివరి భూముల రైతు బిడ్డలు మనలో ఉన్నారు, వాళ్ళకు ఈ మాట నేను చెప్పనక్కర లేదు.

ఇక ఇచ్చే పద్ధతి. ఊరికే చెక్కు రాసి చేతులు దులుపుకొంటే గది మళ్ళీ తాళమే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. ఆ ఊరి పన్ను ఎంత వచ్చింది, ఎంత చేరింది, ఎంత బాకీ ఉందన్నది ముందు పంచాయతీలో అడిగి తెలుసుకోవాలి. సర్కారు చెయ్యవలసిన పనికి మన విరాళం సాకు కాకూడదు. తర్వాత రోజూ తలుపు తీసే మనిషి ఎవరో తేలాలి. పుస్తకాలు మనకు నచ్చినవి కాదు, అక్కడ చదివేవాళ్ళు అడిగినవి కొనాలి. ఆడపిల్లలు భయం లేకుండా వచ్చి కూర్చొనే వేళలు ఉండాలి. సొమ్మంతా ఒక్కసారే ఇవ్వకుండా మూడేళ్ళకు పంచి, ప్రతి యేడూ సంఘం తరఫున ఇద్దరు వెళ్ళి చూసి, ఆ లెక్క ఈ సావనీరులోనే అచ్చువెయ్యాలి. గోడ మీద మన పేర్ల పలక వద్దు. ఆ డబ్బుకు ఇంకో నాలుగు పుస్తకాలు వస్తాయి.

లక్ష్మణరావుగారు గొప్ప ధనవంతుడు కాదు, ఒక జమీందారు దగ్గర జీతానికి పనిచేసిన మనిషి. ఆయన ఇచ్చింది సొంత సొమ్ముకంటె ఎక్కువగా సొంత ఆలోచన. ఉన్నవాడి డబ్బును ఎటు తిప్పితే ఎక్కువమందికి, ఎక్కువకాలం అందుతుందో లెక్కగట్టి తిప్పారు. మన సంఘం కూడా ఒక విధంగా దివాను పనే చేస్తున్నది. ఈ సొమ్ము కార్యవర్గానిది కాదు, ఫీజు కట్టిన ప్రతి విద్యార్థిది. అందువల్ల ఎవరికిచ్చామన్నదానితో పాటు ఎందుకిచ్చామన్నది కూడా వాళ్ళకు చెప్పవలసిన బాధ్యత మనకుంది. సర్వసభ్య సమావేశంలో ఓటు వేసేముందు, సోదర విద్యార్థులు, విద్యార్థినులు ఒక్కసారి మునగాల దాకా వెళ్ళి, చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ళు తిరిగి, గ్రంథాలయం ఎక్కడుందని అక్కడివారిని అడిగి రండి. వాళ్ళు చెప్పే జవాబు విన్నాక మీ ఓటు మీరే నిర్ణయించుకోండి.